పాలవెల్లిలోని రెండు తెగల నక్షత్రములు

చంద్రుడు లేని రాత్రి నిర్మలాకాశమున ఒక అంచునుండి వేరొక అంచువరకు తెల్లని పట్టీవంటిది కనిపించును. దీనినే మనవారు పాలవెల్లి యనియు, ఆకాశగంగ యనియు పిలిచిరి. ఇది లెక్కకు మిక్కిలియైన నక్షత్రముల గుంపని గెలీలియో దూరదర్శినితో చూచి 1610లో ప్రకటించెను. మన సూర్యుడును ఈ గుంపులోని వాడే. ఇందలి నక్షత్రములు 10,000 కోట్లనుండి 40,000 కోట్లవరకు ఉండవచ్చునని అంచనా.

పాలవెల్లి నడుమ ఉబ్బిన పలుచని అట్టును పోలియుండును. దాని వెడల్పు సుమారు 1 లక్ష కాంతి సంవత్సరములు. సూర్యుడు కేంద్రమునకు 26,000 కాంతి సంవత్సరముల దూరమున ఉన్నాడు. ఈ అట్టు చుట్టును, పైనను క్రిందను, గోళాకారములైన నక్షత్రగుచ్ఛములు చెదరియున్నవి.

ఇన్ని నక్షత్రములును ఒకే విధమైనవా? ఈ ప్రశ్నకు సమాధానము మన పాలవెల్లిని పోలిన ఆండ్రోమెడా గెలాక్సీనుండి లభించినది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున లాస్ ఏంజెలెస్ నగరపు దీపములు ఆర్పివేయబడుటచే మౌంట్ విల్సన్‌పై ఆకాశము మిక్కిలి చీకటిగా నుండెను. వాల్టర్ బాడే ఆ అవకాశమును వినియోగించుకొని, ఎరుపు కాంతిని గ్రహించు ఫలకములతో, అంతవరకు మసకగా మాత్రమే కనిపించిన ఆండ్రోమెడా నడిమి భాగమును విడివిడి నక్షత్రములుగా చూడగలిగెను. అంచులందలి చుట్టలలో మిక్కిలి ప్రకాశవంతమైనవి నీలి నక్షత్రములు. నడుమ మాత్రము ఎర్రనివి. మొదటి వానిని ఒకటవ తెగ యనియు, రెండవ వానిని రెండవ తెగ యనియు ఆయన 1944లో పేర్కొనెను.

ఈ భేదమునకు కారణము వయస్సు. సూర్యుని ఆయువు సుమారు 1,000 కోట్ల సంవత్సరములు. సూర్యునికంటె పదిరెట్లు బరువైన నీలి నక్షత్రము తన ఇంధనమును వేగముగా దహించి, కొద్ది కోట్ల సంవత్సరములలోనే అంతమగును. కనుక నీలి నక్షత్రములున్నచోట నక్షత్రములు ఇటీవలనే పుట్టినవని తెలియును. ఎర్రనివే మిగిలినచోట పుట్టుక ఎన్నడో ఆగినదని అర్థము.

వర్ణపటమున మరియొక భేదము కలదు. గోళాకార గుచ్ఛములందలి వృద్ధ నక్షత్రములలో ఇనుము మొదలగు బరువైన మూలకములు చాల తక్కువ. ఆ మూలకములు నక్షత్రముల గర్భమునందును, వాని విస్ఫోటనములందును తయారై వాయువులో కలిసినవి. ఆ వాయువునుండి తరువాత పుట్టినవాడు సూర్యుడు. మన రక్తములోని ఇనుము అట్లు వచ్చినదే.

ఈ విభజన విశ్వపు కొలతనే మార్చినది. ప్రకాశము క్రమముగా హెచ్చి తగ్గు సెఫీడ్ నక్షత్రములతో గెలాక్సీల దూరమును కొలుతురు. ఒకటవ తెగ సెఫీడ్‌లు అదే కాలవ్యవధిగల రెండవ తెగవానికంటె సుమారు నాలుగురెట్లు కాంతివంతములని బాడే 1952లో రోము నగరమున తెలిపెను. కాంతి దూరము వర్గమునకు విలోమానుపాతమున తగ్గును గనుక, ఆండ్రోమెడా అనుకొన్నదానికి రెట్టింపు దూరమున నున్నట్లు తేలెను. నేటి లెక్కలో అది 25 లక్షల కాంతి సంవత్సరములు.

ఈ రెండు తెగల నడుమ మరికొన్ని తరగతులు గలవని తరువాత తెలిసినది. 2013లో ఐరోపావారు పంపిన గైయా ఉపగ్రహము 2025 వరకు దాదాపు 200 కోట్ల నక్షత్రముల స్థానములను కొలిచినది.

విద్యార్థులు రెండు తెగలను కంటితోనే చూడవచ్చును. డిసెంబరు రాత్రులలో కనిపించు కృత్తికలు సుమారు 10 కోట్ల సంవత్సరముల పిన్నలు. మే నెలలో రాత్రి పది గంటలకు దక్షిణాకాశమున మసక చుక్కవలె నుండు ఒమేగా సెంటారి గుచ్ఛము వయస్సు దాదాపు 1,200 కోట్ల సంవత్సరములు. అది సూర్యునికంటె రెండున్నర రెట్లు పెద్దది.