ఇంటి కప్పు మీద నల్ల మచ్చలా? ముందు కారణం చూడండి, తర్వాతే రంగు వేయండి

మహబూబాబాద్ జిల్లా కుటుంబాల కోసం

మచ్చ కనిపించగానే సున్నం కొట్టిస్తే కొన్నాళ్లకే మళ్లీ తేలుతుంది. పైసలు దండగ. మచ్చలు ముఖ్యంగా మూడు రకాలు. మీ ఇంట్లో ఏది ఉందో చూసుకోండి.

1. మసి
గుర్తు: వంటింట్లో, దీపం పైన ఉంటుంది. రుద్దితే వేలికి నల్లగా అంటుతుంది.
కారణం: కట్టెల పొయ్యి పొగ. కప్పుకు పట్టే ఈ మసే పొయ్యి దగ్గర ఉండే ఆడవాళ్ల, పిల్లల ఊపిరితిత్తుల్లోకి కూడా పోతుంది.
ఏం చేయాలి: ముందే తడి గుడ్డ పెట్టొద్దు, మసి పూసుకుపోతుంది. పొడి గుడ్డతో దులిపి, ఆ తర్వాత సబ్బు నీళ్లతో తుడవండి. పొగ బయటికి పోయే దారి పెట్టండి.

పథకం: మహాలక్ష్మి, 500 రూపాయలకు గ్యాస్ సిలిండర్ (2024 ఫిబ్రవరి 27 నుంచి)
• తెల్ల రేషన్ కార్డు ఉండి, ప్రజాపాలనలో దరఖాస్తు పెట్టినవారికి.
• ముందు పూర్తి ధర కట్టాలి. 500 పోను రాయితీ బ్యాంకు ఖాతాలో పడుతుంది.
• ఏడాదికి ఎన్ని సిలిండర్లన్నది గత మూడేళ్ల సగటు వాడకాన్ని బట్టి. కట్టెలే ఎక్కువ కాల్చిన ఇంటికి తక్కువ వస్తాయి. మీకు ఎన్నో ముందే అడగండి.
• పైసలు పడకపోతే ఎంపీడీవో ఆఫీసులోని ప్రజాపాలన సేవా కేంద్రానికి వెళ్లండి.

2. బూజు
గుర్తు: మూలల్లో చుక్కలు చుక్కలుగా నలుపు, ముక్క వాసన.
కారణం: చెమ్మ. 2024 సెప్టెంబరు 1 వరదకు కేసముద్రం దగ్గర రైలు కట్టే కొట్టుకుపోయింది. అంత వాన పడ్డాక, ఉరిసే స్లాబ్ చాలా రోజులు ఆరదు.
ఏం చేయాలి: ముందు ఉరిసే చోటు పూడ్పించండి. కిటికీలు తీసి ఆరనివ్వండి. తర్వాత బ్లీచింగ్ పౌడర్ నీళ్లతో తుడవండి. ముక్కుకు గుడ్డ, కళ్లకు అద్దాలు తప్పనిసరి. అందులో యాసిడ్ కలపొద్దు, విషవాయువు వస్తుంది.

3. తుప్పు
గుర్తు: గోధుమ రంగు, నలుపు కలిసిన పొడుగు గీతలు, పెచ్చులు ఊడడం.
కారణం: నీళ్లు దిగి లోపలి ఇనుప చువ్వలు తుప్పు పట్టడం.
ఏం చేయాలి: దాని కింద మంచం వేయొద్దు. రంగుతో కప్పొద్దు. ఇంజినీరుకు చూపించాకే మరమ్మతు చేయించండి.

ఇందిరమ్మ ఇల్లు కడుతున్నారా?
2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైన ఈ పథకంలో 5 లక్షల సాయం విడతలుగా వస్తుంది. ఇది కొత్త ఇంటికి. స్లాబ్ రోజు ఈ మూడూ దగ్గరుండి చూసుకోండి:
• చువ్వల కింద కవర్ బ్లాకులు పెట్టారా?
• నీళ్లు నిలవకుండా వాలు ఇచ్చారా?
• కనీసం 10 రోజులు స్లాబ్ మీద నీళ్లు కట్టి ఉంచుతారా?

గమనిక: ఏ పథకానికైనా దళారులకు పైసలు ఇవ్వొద్దు. ఈ పీడీఎఫ్‌ను మీ ఊరి, తండా గ్రూపుల్లో పంపండి.