రంగు తేలిందన్నారు!

ఆ మధ్య బంధువుల పెళ్లిలో మా అమ్మాయిని చూసిన ప్రతివాళ్లదీ ఒకటే మాట, "పిల్ల ఎంత రంగు తేలిందే!" అని. మా పిన్ని అయితే "మొహానికి ఏం రాస్తున్నావేమిటి?" అని నా చెవిలో అడిగింది. నిజం చెప్పొద్దూ, నాకూ సంతోషంగానే అనిపించింది. ఇంట్లో మాత్రం రోజూ తిట్లే. మెట్లెక్కితే ఆయాసం, పుస్తకం పట్టుకుంటే నిద్ర. "మా కాలంలో అయితేనా..." అని అత్తయ్యగారు మొదలుపెడితే నేనూ వంత పాడేదాన్ని.

ఒకరోజు కాలేజీలో కళ్లు తిరిగి పడిపోయింది. డాక్టరమ్మ కింది రెప్ప లాగి చూసి రక్తపరీక్షకి రాసిచ్చింది.

మా వీధి చివరి ల్యాబ్‌లో కుర్రాడు రక్తం తీశాడు. అందులో 20 మైక్రోలీటర్లు, అంటే చుక్కలో సగం కూడా ఉండదు, 5 మిల్లీలీటర్ల లేతపసుపు మందులో కలిపాడు. కాసేపాగి చిన్న గాజు పాత్రలో పోసి, మెత్తటి గుడ్డతో తుడిచాడు. "వేలిముద్ర పడినా లెక్క తప్పుతుందమ్మా" అన్నాడు.

"ఈ యంత్రం ఏం చూస్తుంది బాబూ?"

"రంగే చూస్తుందమ్మా."

స్పెక్ట్రోఫోటోమీటర్! బి.ఎస్సీ.లో మార్కుల కోసం బట్టీపట్టిన బీర్-లాంబర్ట్ సూత్రం ఇన్నేళ్లకి ఎదురొచ్చింది. డికాక్షన్ని వెలుతురుకి పట్టి చిక్కగా ఉందో పలచగా ఉందో మనం చెప్పమూ? ఇదీ అంతే. ముందు ఉత్త మందుని పెట్టి సున్నా చేస్తారు. తర్వాత రక్తం కలిపిన దాంట్లోంచి 540 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతిని పంపిస్తారు. హిమోగ్లోబిన్ ఎంత ఎక్కువ ఉంటే అంత కాంతిని మింగేస్తుంది. అయితే చిన్న మెలిక ఉంది. సగం కాంతిని ఆపే ద్రావణాన్ని రెండింతలు చిక్కబరిస్తే మొత్తం ఆగిపోదు, ఇంకా నాలుగో వంతు దాటి వస్తుంది. అందుకే దాటిన కాంతిని 'అబ్సార్బెన్స్' లెక్కలోకి మారుస్తారు. పదో వంతు దాటితే 1, వందో వంతు దాటితే 2. ఇది మాత్రం చిక్కదనంతో పాటే సమానంగా పెరుగుతుంది. పెద్ద ల్యాబుల్లో ఇప్పుడు అన్నీ యంత్రమే చేసుకుంటుంది కానీ, అక్కడా హిమోగ్లోబిన్‌ని కొలిచేది సాధారణంగా ఇలా కాంతితోనే.

మా అమ్మాయికి వచ్చింది 7.8 గ్రాములు. ఆడవాళ్లకి కనీసం 12, గర్భిణులకి 11 ఉండాలి. "రంగు తేలడం కాదండీ, రక్తం లేక పాలిపోవడం" అంది డాక్టరమ్మ. నెలనెలా పది రోజులు నెలసరి అవుతోందని అప్పుడు బయటపెట్టింది పిల్ల. "చెప్తే సాకులంటావని చెప్పలేదమ్మా" అంది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

దానికి వైద్యం జరిగింది. ఐరన్ మాత్రలు వేసుకుంది. మాత్ర వేసుకున్న వెంటనే టీ మాన్పించి నిమ్మరసం ఇచ్చాను. మూడు నెలలకి 11.6కి వచ్చింది. ఇంకొన్నాళ్లు మాత్రలు ఆపొద్దన్నారు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. వాళ్లలో ఎంతమందిని మనం 'బద్ధకం' అని తిట్టామో, 'మంచి రంగు' అని మెచ్చుకున్నామో! మీ ఇంట్లో పిల్ల ఊరికే అలసిపోతోందా? తిట్టేముందు ఒక్కసారి పరీక్ష చేయించండి. మీరూ చేయించుకోండి.

మొన్న పిన్ని వచ్చి, "అదేమిటే, పిల్ల కాస్త రంగు తగ్గిందే!" అంది.

"అవును పిన్నీ, బాగయింది" అన్నాను.