సూర్యుడు తుమ్మితే... హద్దురాయి జరుగుతుందా?

కొలిమిగుండ్ల అంటే నాపరాయి. నేల గీకితే చాలు, రాయి తగులుతుంది. పైన పంట పండకపోయినా కింద రాయి ఉంటుంది కాబట్టి ఇక్కడ జానెడు జాగాకీ లెక్కుంటుంది. గట్టు కాస్త అటో ఇటో జరిగితే అన్నదమ్ములైనా ఊరుకోరు!

ఒకప్పుడు ఈ తగాదాలు తీర్చింది సర్వేయరు చేతిలోని గొలుసు. ఇప్పుడా పని రోవర్ చేస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో భూముల రీసర్వే మొదలయ్యాక డ్రోన్లూ రోవర్లూ పల్లెలకొచ్చాయి. కర్రకు తగిలించిన పుట్టగొడుగులా ఉంటుందా పరికరం. సుమారు 20 వేల కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల సంకేతాలు అందుకుంటుంది. రాష్ట్రంలో ఏర్పాటుచేసిన 70 బేస్ స్టేషన్ల నుంచి వచ్చే సవరణలతో సరిచూసుకుని, హద్దు ఎక్కడుందో సెంటీమీటర్ల తేడాతో చెప్పేస్తుంది. అంతా బాగానే ఉంది. కానీ ఆ సంకేతానికీ మన పొలానికీ మధ్య ఒకడున్నాడు. సూర్యుడు!

భూమికి సుమారు 60 కిలోమీటర్ల పైనుంచి కొన్ని వందల కిలోమీటర్ల దాకా అయనోస్ఫియర్ అనే పొర ఉంటుంది. సూర్యుడి అతినీలలోహిత కిరణాలు అక్కడి గాలి అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడతాయి. ఆ విద్యుదావేశపు పొరలోంచి వచ్చేటప్పుడు ఉపగ్రహ సంకేతం కాస్త ఆలస్యమవుతుంది. నీళ్లలో ముంచిన కర్ర వంకరగా కనిపించినట్టే, ఉన్నచోటు కూడా తప్పుగా కనిపిస్తుంది. మామూలు రోజుల్లోనే ఈ తేడా కొన్ని మీటర్లుంటుంది. దాన్ని సరిదిద్దడానికే ఆ బేస్ స్టేషన్లు. ఆ పొర ప్రశాంతంగా ఉన్నంతసేపూ లెక్క కుదురుతుంది. సూర్యుడికి కోపమొస్తేనే చిక్కు.

2024 మే 10న వచ్చింది. సూర్యుడి మీద ఒకే మచ్చల గుంపు నుంచి వరసగా ఎగిసిన వేడి ప్లాస్మా మేఘాలు ఒకదాన్నొకటి తరుముకుంటూ వచ్చి భూమిని తాకాయి. 2003 అక్టోబరు తర్వాత అంత తీవ్రమైన సౌర తుపాను అదే. లద్దాఖ్‌లోని హాన్లేలో రాత్రి ఆకాశం ఎర్రబడింది. ఫొటోలు చూసి అందరూ ముచ్చటపడ్డారు. అదే సమయంలో అమెరికా మధ్య రాష్ట్రాల్లో మొక్కజొన్న విత్తే రైతులు తలలు పట్టుకున్నారు. అక్కడ ట్రాక్టర్లు జీపీఎస్ దారి చూపిస్తే సాళ్లు వేస్తాయి. ఆ దారే తప్పింది. విత్తడం ఆపేసి కూర్చున్న వాళ్లెందరో!

మరి మనకేం కాలేదేం? ఇస్రో చెప్పిన కారణం చిత్రంగా ఉంటుంది. తుపాను ప్రధాన దెబ్బ తగిలే సమయానికి ఇక్కడ మే 11 తెల్లవారుజాము. అప్పటికి మన నెత్తిన అయనోస్ఫియర్ ఇంకా పూర్తిగా పుంజుకోలేదు. పైగా మనం ధ్రువాలకు దూరం. కొంత భూగోళం, కొంత అదృష్టం అన్నమాట.

అలాగని మన ఆకాశం మరీ అమాయకమైందేం కాదు. భూ అయస్కాంత మధ్యరేఖ దక్షిణ భారతం కొసనుంచి పోతుంది. అందువల్ల ఇక్కడి అయనోస్ఫియర్‌కు సొంత పేచీలున్నాయి. పొద్దుగూకాక ఆ పొరలో బుడగల్లాంటి ఖాళీలు పుట్టి పైకి లేస్తాయి. వాటిలోంచి వచ్చే సంకేతం, నక్షత్రం మిణుకుమన్నట్టు మిణుకుమంటుంది. ఒక్కోసారి తెగిపోతుంది. సూర్యుడు చురుగ్గా ఉండే ఏళ్లలో, మార్చి, సెప్టెంబరు నెలల చుట్టూ ఈ బెడద ఎక్కువ. దీనికి తుపానే రానక్కర్లేదు.

పొద్దుగూకాక పొలం ఎవరు కొలుస్తారంటారా? నిజమే. విమానాలు మాత్రం దిగుతాయి కదా! జీపీఎస్ సంకేతాలకు సవరణలిచ్చి విమానాలకు దారిచూపే మన 'గగన్' వ్యవస్థకు మొదట్నుంచీ ఈ బుడగలతోనే పోరు. అమెరికా, ఐరోపాల్లో అప్పటికే ఇలాంటివి ఉన్నా, అక్కడి లెక్కలు మన ఆకాశానికి పనికిరాలేదు. ఇస్రో, విమానాశ్రయాల సంస్థ కలిసి దేశంలో పలుచోట్ల రిసీవర్లు పెట్టి, ఏళ్ల తరబడి ఎలక్ట్రాన్లు లెక్కబెట్టి కొత్త నమూనా తయారు చేసుకోవాల్సివచ్చింది. 2013 చివర్లో ఒక అనుమతి, 2015లో మరో పైమెట్టు అనుమతి దక్కాయి. భూమధ్యరేఖా ప్రాంతంలో ఆ ఘనత సాధించిన మొదటి వ్యవస్థ గగనే.

ఆ బుడగల్ని దగ్గర్నుంచి పరిశీలించిన చోటు మన రాష్ట్రంలోనే ఉంది. తిరుపతికి కొద్ది దూరంలోని గాదంకి. అక్కడ 1990ల నుంచి పనిచేస్తున్న ఎంఎస్‌టీ రాడార్‌కి తిరిగే గిన్నె ఉండదు. పొలంలో కొయ్యలు నాటినట్టు 1,024 యాంటెన్నాలు నేలమీద బారులు తీరి ఉంటాయి. అన్నీ కలిసి ఆకాశాన్ని తడిమి చూస్తాయి. దాని పక్కనే 1998లో జపాన్ సహకారంతో లైడార్ కూడా వచ్చింది. లేజర్ కిరణాన్ని పైకి పంపి, వెనక్కి వచ్చిన వెలుతురుతో పైగాలిని చదివే పరికరమది.

ఒకరి రాత్రి, ఇంకొకరి పగలు

విదేశీయులు కొలిమిగుండ్లకు కొత్తేం కాదు. ఈ మండలంలోని బెలుం గుహల్ని 1980ల మొదట్లో లోపలిదాకా వెళ్లి కొలిచింది జర్మన్ బృందమే. వాళ్లు నేలలోకి చూడ్డానికొచ్చారు. అంతకు శతాబ్దం ముందే ఆకాశం చూడ్డానికి గుంటూరు వచ్చినవాళ్లున్నారు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రాన్సు నుంచి జాన్సెన్, బ్రిటిష్ బృందంతో టెనెంట్... ఇద్దరూ గుంటూరులోనే మకాం వేశారు. గ్రహణంలో సూర్యుడి అంచున ఎగిసే జ్వాలల్ని వర్ణపటంలో చూసిన జాన్సెన్, అవి గ్రహణం లేనప్పుడూ కనిపిస్తాయని కనిపెట్టి మర్నాడే చూసేశాడు. హీలియం కథ మొదలైంది కూడా ఆ గ్రహణంతోనే.

సూర్యుణ్ని ఒక్క దేశం కాపలా కాయలేదు. కారణం చాలా చిన్నది... ప్రతి దేశానికీ రాత్రి అవుతుంది! అందుకే 1990ల్లో కాలిఫోర్నియా, హవాయి, ఆస్ట్రేలియా, కానరీ దీవులు, చిలీలతోపాటు మన ఉదయ్‌పూర్‌లోనూ ఒకే రకం టెలిస్కోపులు పెట్టారు. అమెరికా నిద్రపోయే వేళ ఉదయ్‌పూర్ మేలుకుని ఉంటుంది. నేలమీద అయస్కాంత క్షేత్రం ఎంత ఊగిందో కొలిచే కేంద్రాలదీ ఇదే వరస. హైదరాబాద్‌లో ఎన్జీఆర్ఐ 1964 నుంచి ఈ కొలతలు తీస్తోంది. తర్వాత చౌటుప్పల్‌లో మరో కేంద్రం పెట్టింది. ఈ రెండూ ప్రపంచవ్యాప్త ఇంటర్‌మాగ్నెట్ గొలుసులో కడియాలే.

ఇక అసలైన కావలివాడు శ్రీహరికోట నుంచి వెళ్లాడు. 2023 సెప్టెంబరు 2న పీఎస్ఎల్వీ మోసుకెళ్లిన ఆదిత్య-ఎల్1, 2024 జనవరి 6న తన కక్ష్యలో కుదురుకుంది. భూమికి సూర్యుడి వైపు 15 లక్షల కిలోమీటర్ల దూరం. అక్కడ దానికి ఇరుగుపొరుగు కూడా ఉన్నారు. 1995లో వెళ్లిన సోహో, అంతకు ఏడాది ముందు వెళ్లిన విండ్, 1997 నాటి ఏస్ అక్కడివే. అంత దూరంలో ఉన్న ఆదిత్యతో మాట్లాడేందుకు ఐరోపా అంతరిక్ష సంస్థ తన పెద్ద యాంటెన్నాలతో సాయపడింది.

ఆ చోటే ఎందుకంటే... సూర్యుడి నుంచి బయల్దేరిన ప్లాస్మా మేఘం ఒకటి నుంచి నాలుగు రోజుల్లో ఇక్కడికొస్తుంది. ఎల్1 దగ్గర దాన్ని తాకి చూస్తే, భూమికి చేరడానికి ఇంకో పావుగంట నుంచి గంట వ్యవధి చిక్కుతుంది. పొలిమేరలో కుక్క మొరిగితే తలుపు గడియ వేసుకునేంత సమయం. అంతకంటే ముఖ్యమైన సంగతేమిటంటే, మేఘంలోని అయస్కాంత క్షేత్రం ఉత్తరానికి తిరిగి ఉందా, దక్షిణానికా అన్నది అక్కడ కొలిస్తేనే స్పష్టంగా తెలుస్తుంది. దక్షిణమైతే దెబ్బ గట్టిగా తగులుతుంది. 2024 మే తుపాను మీద జరిగిన ఒక అధ్యయనంలో ఆదిత్య కొలతల్ని అమెరికా ఉపగ్రహాల కొలతలతో కలిపి చూశారు. రెండు మేఘాలు దారిలో గుద్దుకుని, లోపలి అయస్కాంత రేఖలు తెగి మళ్లీ అతుక్కోవడం వల్లే ఆ తుపాను అంత పెంకిగా ప్రవర్తించిందని తేలింది. ఒక్క ఉపగ్రహంతో తేలే విషయం కాదిది.

కరెంటు పోతుందా?

ఎక్కడైనా సౌర తుపాను అనగానే టీవీల్లో యుగాంతం బొమ్మలు మొదలవుతాయి. అంత లేదు. 1989 మార్చి 13న కెనడాలోని క్యూబెక్‌లో నిమిషన్నరలో విద్యుత్ వ్యవస్థ కుప్పకూలి 60 లక్షల మంది తొమ్మిది గంటలపాటు చీకట్లో ఉన్న మాట నిజమే. క్యూబెక్ ధ్రువానికి దగ్గర. మనకు ఆ స్థాయి ముప్పు తక్కువ. అసలు గుబులు కంటికి కనిపించని వాటితోనే. 2022 ఫిబ్రవరిలో ఒక మోస్తరు తుపానుకే పై వాతావరణం ఉబ్బి, అప్పుడే ఎగరేసిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాల్లో చాలాభాగం రాలిపోయాయి. 2025 నవంబరులో, తీవ్రమైన సౌర వికిరణం విమాన నియంత్రణ సమాచారాన్ని పాడుచేయగలదని ఎయిర్‌బస్ చెప్పడంతో ప్రపంచమంతటా సుమారు 6 వేల ఏ320 తరగతి విమానాలకు సాఫ్ట్‌వేరు మార్చాల్సివచ్చింది. మన దేశంలోనూ ఆ రెండు మూడు రోజులు ప్రయాణికులకు తిప్పలు తప్పలేదు.

పొలంలో సర్వేయరుకైతే దారి సులువు. రోవర్ తెరమీద 'ఫిక్స్' నిలవడం లేదంటే ఆరోజుకి ఆగడం, వేరే వేళలో మళ్లీ కొలిచి రెండు లెక్కలూ పోల్చడం. ఆకాశంలో ఉన్న పైలట్‌కి ఆ వెసులుబాటు లేదు. అందుకే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2019 నవంబరు నుంచి విమానాలకు అంతరిక్ష వాతావరణ హెచ్చరికలు ఇప్పిస్తోంది. ఆ బాధ్యత అమెరికా కేంద్రానికి, ఐరోపా దేశాల కూటమికి, ఆస్ట్రేలియా-కెనడా-ఫ్రాన్స్-జపాన్ జట్టుకు, చైనా-రష్యాల జోడీకి అప్పగించింది. అయస్కాంత మధ్యరేఖ సొంత నేలమీదుగా పోతున్నా, గాదంకిలో రాడారున్నా, ఎల్1లో ఆదిత్య ఉన్నా... ఆ నాలుగింటిలో భారత్ పేరు లేదు.