ఎత్తు పెంచిన బండి

1968లో జపాన్‌లో పుట్టినప్పుడు టొయోటా హైలక్స్‌ వెనక చక్రాలతో మాత్రమే నడిచే మామూలు సరుకుల బండి. నాలుగు చక్రాలూ లాగే రకం 1979 మోడల్‌తో వచ్చింది. అప్పటికి అమెరికాలో హైలక్స్‌ అన్న పేరే తీసేశారు, ఉత్త టొయోటా ట్రక్కుగానే అమ్మేవారు. 1985 దాకా అక్కడ అమ్మిన ఫోర్‌వీల్ బళ్లకు ముందు వైపు కూడా లారీలకుండే గట్టి యాక్సిలూ, కమాన్ కట్టలే. ఆ తర్వాత ముందు చక్రాలు దేనికది విడిగా ఊగే పద్ధతి వచ్చి తారు రోడ్డు మీద కుదుపు తగ్గింది. కానీ కాలిఫోర్నియాలో రూబికాన్ బాట లాంటి రాళ్ల దారుల్లో తిరిగేవాళ్లు ఇప్పటికీ ఆ పాతవాటికోసమే వెతుకుతారు.

అలాంటి బండి నలభై ఏళ్లు దాటి, నాలుగైదు చేతులు మారి మన దగ్గరికొచ్చి మొరాయిస్తే అందరూ వయసునే తిడతారు. నన్నడిగితే ముందు పట్టుకోవాల్సింది వయసును కాదు, మధ్యలో యజమానులు చేయించిన సింగారాలను.

బ్రేకుల సంగతే తీసుకోండి. వెనక యాక్సిల్‌కూ ఛాసిస్‌కు బిగించిన చిన్న వాల్వ్‌కూ మధ్య ఒక సన్నటి కడ్డీ ఉంటుంది. బరువు వేస్తే ఛాసిస్‌ కిందికి దిగుతుంది, కడ్డీ వాల్వ్‌ను నొక్కుతుంది, వెనక బ్రేకులకు ఒత్తిడి పెరుగుతుంది. ఖాళీ బండికి తగ్గుతుంది, లేకపోతే వెనక చక్రాలు బిగుసుకుని బండి జారుతుంది. ఇప్పుడు కమాన్ కట్టలు మార్చి బండిని నాలుగంగుళాలు లేపారనుకోండి. పాపం ఆ వాల్వ్‌కు తెలిసింది ఒక్కటే: ఛాసిస్‌ పైకి లేచింది, అంటే బండి ఖాళీ. నిండా బరువున్నా వెనక బ్రేకులు బద్ధకిస్తాయి. మెకానిక్ లైనర్లు మారుస్తాడు, సిలిండర్ మారుస్తాడు, రోగం అలాగే ఉంటుంది. చేయాల్సిందల్లా యాక్సిల్ వైపు కడ్డీ కొసను, బండిని లేపిన మేరకు, పైకి జరపడమే.

టైర్లదీ అదే వరస. 29 అంగుళాలకు బదులు 33 అంగుళాల టైర్లు వేస్తే చక్రం ఒక్క చుట్టుకు సుమారు 14 శాతం ఎక్కువ దూరం పోతుంది. మీటరు తీగ ముందు, వెనక చక్రాలకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేస్‌ దగ్గర తిరిగే చుట్లనే లెక్కపెడుతుంది కాబట్టి, ముల్లు 60 మైళ్లు చూపినప్పుడు నిజం 68. తిరిగిన దూరమూ తక్కువే పడుతుంది. మైలేజీ పడిపోయిందని ఇంజన్ను తిట్టేముందు ఈ గుణకారం చేసుకోవడం మంచిది. బండి నిజంగానే కుంటుతుంటే డిఫరెన్షియల్‌లో 4.10 నిష్పత్తి పళ్లు తీసి 4.88వి వేయించాలి.

వయసు చేసే తప్పులూ లేకపోలేదు. 80ల నాటి ఈ బళ్ల 22ఆర్ ఇంజన్లో టైమింగ్ చైన్‌ను పట్టి ఉంచే ప్లాస్టిక్ గైడ్లు పెళుసెక్కి విరుగుతాయి. పొద్దున్నే స్టార్ట్ చేయగానే ముందు వైపు గలగలమంటే అదే. పట్టించుకోకపోతే చైన్ తన కవరునే కోసుకుంటూ నీటి దారి దాకా పోతుంది, ఆయిల్ పాలకాఫీ రంగుకు తిరుగుతుంది. ఇనప వీపున్న గైడ్లు దొరుకుతాయి, అవి అంత తేలిగ్గా విరగవు.

తారు రోడ్డు మీద మలుపు తిప్పుతుంటే బండి పట్టేసినట్టయితే మాత్రం అది జబ్బు కాదు. ఫోర్‌వీల్ వేసినప్పుడు ముందు, వెనక షాఫ్టులు ఒకటిగా బిగుసుకుంటాయి, మధ్యలో సర్దే డిఫరెన్షియల్ లేదు. మలుపులో ముందు చక్రాలు పెద్ద చుట్టు తిరగాలి. బురదలో అవి జారి సర్దుకుంటాయి, గట్టి నేల మీద ఆ బిగువంతా గేర్లు మోయాలి. పొడి రోడ్డెక్కగానే టూవీల్‌కు మార్చేయడమే దానికి వైద్యం.

ఇంత తంటా ఎందుకంటే, లో రేంజ్ కోసం, అంటే ట్రాన్స్‌ఫర్ కేస్‌లోని నిదానపు గేరు కోసం. ఆ గేరులో ఇంజన్ లాగుడు 2.28 రెట్లవుతుంది. కొందరు రెండు ట్రాన్స్‌ఫర్ కేసులు వరసగా బిగించి దాన్ని 5.2 రెట్లు చేస్తారు. వంద గుర్రాల శక్తికి అటూఇటుగా ఉండే ఇంజన్‌తో, యాక్సిలరేటర్ తాకకుండా, మనిషి నడకకన్నా నిదానంగా బండరాయి ఎక్కుతుంటే ఏ చక్రం కింద ఏ రాయి ఉందో స్టీరింగ్ చెప్పేస్తుంది. కార్బురేటర్ బండి నిట్టనిలువు వాలులో పెట్రోలు అందక ఆగిపోవచ్చు. కంగారు పడి క్లచ్ తొక్కకూడదు, బండి వెనక్కి జారుతుంది. లో రేంజ్‌లో మొదటి గేరులోనే ఉంచి తాళం తిప్పితే, ఇంజన్ అందుకునేలోపు స్టార్టర్ మోటారే బండిని ముందుకు జరుపుతుంది.