కొమ్ముకోనం ఎలా వేటాడుతుంది? మన వంటింట్లోకి వస్తే ఎవరు జాగ్రత్త పడాలి?

2025 జులైలో అనకాపల్లి జిల్లా తీరం నుంచి చిన్న బోటులో వేటకెళ్లిన ఓ యువ మత్స్యకారుడు తిరిగి రాలేదు. గేలానికి పడిన పెద్ద కొమ్ముకోనాన్ని పైకి లాగుతుంటే, ఆ చేపే అతన్ని సముద్రంలోకి లాక్కెళ్లింది. 2022లోనూ ఇదే తీరంలో ఒకరు దీని కొమ్ము గుచ్చుకుని చనిపోయారు. ఇవి విన్నవాళ్లకు ఇది మనుషుల మీద పడే చేప అనిపిస్తుంది. నిజానికి ఆ కొమ్ము మనకోసం కాదు, కవళ్లలాంటి చిన్న చేపల కోసం.

ఏమిటీ చేప?

కొమ్ముకోనం అంటే ఒక్క రకం కాదు. పై దవడ ఈటెలా ముందుకు సాగిన పెద్ద చేపలను మన దగ్గర ఇలా పిలుస్తారు. వీటిలో ముఖ్యమైనవి బ్లాక్ మార్లిన్, వీపు మీద తెరచాపలాంటి రెక్క ఉండే సెయిల్‌ఫిష్. 1953లో పెరూ తీరంలో గేలానికి పడిన ఒక బ్లాక్ మార్లిన్ 707 కిలోలు తూగింది. అంత పెద్దగా పెరిగేవన్నీ ఆడవే. మగవి వాటి ముందు చాలా చిన్నవి.

పొడవదు, కొడుతుంది

కొమ్ముతో చేపల్ని గుచ్చి తింటుందని చాలామంది అనుకుంటారు. మెక్సికో తీరంలో పరిశోధకులు నీళ్లలో తీసిన వీడియోల్లో వేరే సంగతి బయటపడింది. సెయిల్‌ఫిష్‌లు కొన్ని కలిసి కవళ్ల గుంపును చుట్టుముడతాయి. అన్నీ ఒకేసారి మీద పడవు, ఒకదాని తర్వాత ఒకటి వెళ్తాయి. మెల్లగా దగ్గరికొచ్చి కొమ్మును గుంపులోకి దూర్చి, ఒక్కసారిగా పక్కకు విసురుతాయి. ఆ దెబ్బకు పొలుసులు రాలి, గాయపడిన చేపలు వెనకబడతాయి. నాలుగు దాడుల్లో దాదాపు ఒక్కదానికే చేప దొరుకుతుంది. కానీ గాయపడ్డవి పెరిగేకొద్దీ తర్వాత వచ్చేవాటికి పని సులువవుతుంది.

గంటకు 110 కిలోమీటర్ల వేగం అని పాత పుస్తకాల్లో ఉంటుంది. కొత్త కొలతల ప్రకారం దీని గరిష్ఠ వేగం సుమారు 35 కిలోమీటర్లే. అసలు బలం ఆ కొమ్ము విసురులో ఉంది.

ఇంకో విశేషం, దీని తలలో హీటర్ లాంటిది ఉంటుంది. కంటి దగ్గరి ఒక కండరం కదలికకు కాకుండా వేడి పుట్టించడానికే పనిచేస్తుంది. దాంతో లోతైన చల్లటి నీళ్లలోనూ మెదడు, కళ్లు వెచ్చగా ఉండి చూపు మందగించదు.

గేలానికి పడితే

వేటకు వాడే బలమంతా అప్పుడు తప్పించుకోవడానికి వాడుతుంది. నీళ్లపైకి ఎగిరి, గేలం ఊడేలా తల విదిలిస్తుంది. ఆ విదిలింపులో కొమ్ము ఎటు తిరుగుతుందో చెప్పలేం. పెద్ద బోట్లలో తాడు లాగడానికి మెషిన్లు ఉంటాయి. ఫైబర్ బోటులో ఉన్నవి చేతులే. తాడు చేతికో కాలికో చుట్టుకుంటే వదిలించుకునే టైమ్ ఉండదు. అందుకే తాడు తెంపడానికి కత్తి అందుబాటులో పెట్టుకోవడం, లైఫ్ జాకెట్ వేసుకోవడం ప్రాణాలు కాపాడే సంగతులు.

ప్లేటులోకి వచ్చేసరికి

సముద్రపు వేటను ఖురాన్ (5:96) హలాల్ చేసింది. కాబట్టి ఇక్కడ చూడాల్సింది ఎవరు తినకుండా ఉండాలన్నదే. సముద్రంలోని పాదరసం ముందు చిన్న జీవుల్లో చేరుతుంది. వాటిని చిన్న చేపలు, చిన్న చేపల్ని పెద్ద చేపలు తింటాయి. ఏళ్ల తరబడి వేటాడి బతికే కొమ్ముకోనం కండలో అదంతా పోగవుతుంది. వేపుడు చేసినా, పులుసు పెట్టినా పాదరసం పోదు. ఇది కడుపులో ఉన్న బిడ్డ మెదడు ఎదుగుదలకు హాని చేస్తుంది. అందుకే గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు మార్లిన్ తినొద్దని అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ చెబుతోంది.

అంటే చేపలే మానేయాలని కాదు. కొమ్ముకోనం వేటాడే కవళ్లలో పాదరసం చాలా తక్కువ, ధర కూడా తక్కువే. పెద్ద చేపల్ని మార్కెట్లో తల తీసి ముక్కలుగా అమ్ముతారు కాబట్టి చూసి గుర్తుపట్టడం కష్టం. ఇంట్లో గర్భిణులు, చిన్నపిల్లలు ఉంటే కొనేముందు 'ఇది ఏ చేప?' అని తప్పకుండా అడగండి.