జంట దోనెల నావ

1976 మే 1న పసిఫిక్ మహాసముద్రంలోని హవాయి దీవుల నుంచి ఒక నావ బయలుదేరింది. దాని పేరు హోకూలేఅ. దానికి ఇంజను లేదు. దారి చూపే మావూ పియైలుగ్ అనే నావికుని దగ్గర దిక్సూచి లేదు, పటం లేదు. చుక్కలు, సూర్యుడు, అలలు, పక్షులు - ఇవే అతనికి గుర్తులు. చేరవలసిన తాహితి దీవి దక్షిణాన సుమారు 4,000 కిలోమీటర్ల దూరంలో ఉంది. జూన్ 4న, అంటే ఐదు వారాల లోపే, నావ తాహితి రేవు చేరింది. వేలాదిమంది ఒడ్డున నిలబడి స్వాగతం చెప్పారు.

ఇంత సాహసం దేనికి? పసిఫిక్ దీవులలోకి మనుషులు ఎలా వచ్చారన్నది పెద్ద ప్రశ్న. పాతకాలపు నావలతో అంత దూరం అనుకున్న చోటికి వెళ్ళి రావడం అసాధ్యమనీ, గాలివాటున కొట్టుకుపోయినవారే ఆ దీవులు చేరి ఉంటారనీ ఆండ్రూ షార్ప్ అనే చరిత్రకారుడు 1956లో వాదించాడు. వాదనకు వాదనతో జవాబు చెప్పవచ్చు. కాని నావ కట్టి నడిపి చూపడం అంతకన్న మంచి జవాబు. అందుకోసమే 1973లో హవాయిలో ఒక సంఘం ఏర్పడింది. పూర్వపు నావల ఆకారాన్ని అనుసరించి వారు కట్టినదే హోకూలేఅ.

ఒకటి కాదు, రెండు

హోకూలేఅ పొడవు సుమారు 19 మీటర్లు. దీనిలో రెండు సన్నని పొడవాటి దోనెలు పక్కపక్కన, కొంత ఎడంగా ఉంటాయి. అడ్డ దూలాలు వాటిని కలుపుతాయి. దూలాల మీద పలకలు పరిచి తెరచాపలు నిలబెట్టారు. ఇటువంటి నావలను ఇంగ్లీషులో కటమరాన్ అంటారు. ఈ మాట మన తీరం నుంచే వెళ్ళింది! తమిళంలో 'కట్టుమరం' అంటే దుంగలను కట్టి చేసిన తెప్ప. 'మరం' అనే మాట మన 'మ్రాను'కు చుట్టమే. విశాఖ, శ్రీకాకుళం తీరాల్లో మన జాలరులు వాడిన తెప్ప కూడా ఆ కోవలోదే. అయితే తెప్ప వేరు, జంట దోనెల నావ వేరు. తెప్పలో దుంగలు ఒకదానినొకటి ఆనుకుని ఉంటాయి. జంట నావలో రెండు దోనెల నడుమ నీళ్ళు పారుతాయి. 1876లో అమెరికాలో హెరెషాఫ్ అనే నావల శిల్పి జంట నావ ఒకటి కట్టి పందెంలో మామూలు పడవలను ఓడించాడు. దాన్ని పందేల నుంచి బహిష్కరించారు!

బోల్తా పడదేం?

తెరచాపకు గాలి తగిలినప్పుడు నావ ముందుకు కదలడమే కాదు, పక్కకు ఒరగాలని కూడా చూస్తుంది. మామూలు తెరచాప ఓడలో దీనికి విరుగుడుగా అడుగున సీసమో ఇనుమో బరువు పెడతారు. ఆ బరువంతా మోసుకుంటూ ఓడ నడవాలి.

జంట నావకు ఆ బరువు అక్కరలేదు. మీరు చదువుకున్న భ్రామకాన్ని గుర్తుకు తెచ్చుకోండి: బలాన్ని దూరంతో గుణిస్తే భ్రామకం. నావ బరువు 600 కిలోలు, రెండు దోనెల మధ్య దూరం 2 మీటర్లు అనుకుందాం. గాలి వచ్చే వైపు దోనె నీటి నుంచి లేచే క్షణంలో బరువంతా రెండో దోనె మీద పడుతుంది. గరిమనాభి నడుమన ఉంది కనుక దాని దూరం 1 మీటరు. నావను నిలబెట్టే భ్రామకం 600 × 1 = 600. గాలి బలం తెరచాపపై 3 మీటర్ల ఎత్తున పనిచేస్తుందనుకుంటే, 200 కిలోల బరువుకు సమానమైన బలం ఉంటే గాని దోనె లేవదు. దోనెల ఎడం 4 మీటర్లు చేస్తే? బరువు పెరగకుండానే 400 కిలోల బలాన్ని ఆపగలదు.

మరో లాభం కూడా ఉంది. వెడల్పాటి ఓడ నీటిని తోసి పెద్ద అలలు పుట్టిస్తుంది. దాని శక్తిలో చాలా భాగం వాటికే ఖర్చవుతుంది. సన్నని దోనె నీటిని చీల్చుకుపోతుంది కనుక, అదే గాలికి ఎక్కువ వేగం వస్తుంది.

ఎడం ఎంతైనా పెంచవచ్చా? పెంచకూడదు. రెండు దోనెలూ ఒకే అల మీద ఉండవు. ఒకటి లేస్తే మరొకటి దిగుతుంది. ఆ మెలి అంతా అడ్డ దూలాల మీద పడుతుంది. దూలం ఎంత పొడవైతే అంత త్వరగా విరిగే ప్రమాదం.

మేకుకన్న తాడు మేలు

అందుకే పసిఫిక్ శిల్పులు దూలాలకు మేకులు కొట్టలేదు. కొబ్బరి పీచుతో పేనిన తాళ్ళతో బిగించి కట్టారు. మేకు కొట్టిన చోట బలమంతా ఆ చిన్న రంధ్రం దగ్గరే చేరి కొయ్య చీలుతుంది. తాటి కట్టు ఆ బలాన్ని పలు చుట్లకు పంచి, కొద్దిగా కదలనిస్తుంది. హోకూలేఅ దోనెలను ప్లైవుడ్, ఫైబర్ గ్లాసులతో చేసినా, కట్లు మాత్రం తాళ్ళవే. జేమ్స్ వారమ్ అనే బ్రిటిష్ శిల్పి కూడా ఇదే సూత్రంతో, ఇంటి దగ్గర కట్టుకోగల జంట నావల నమూనాలు తయారుచేశాడు.

సరుకు దొరకడం కూడా సమస్యే. తరువాత కట్టిన హవాయిలోఅ అనే నావను చెట్టు మానుల నుంచే తొలవాలని నిశ్చయించుకున్నారు. హవాయి అడవుల్లో నెలల తరబడి వెతికినా అంత పెద్ద కోవా వృక్షాలు దొరకలేదు. అడవులు అంతగా తరిగిపోయాయి. చివరకు అలాస్కా ఆదివాసులు సుమారు 400 ఏళ్ళ వయసున్న రెండు స్ప్రూస్ చెట్లను కానుకగా ఇచ్చారు. నావ 1993లో నీటిలోకి దిగింది. పోయిన అడవికి బదులుగా వేలకొద్దీ కోవా మొక్కలు నాటారు.

ఒక హెచ్చరిక

జంట నావ సులభంగా ఒరగదు. కాని ఒకసారి తలకిందులైతే తనంత తాను లేవదు. అడుగున సీసం ఉన్న ఓడను ఆ బరువే తిరిగి నిలబెడుతుంది. జంట నావ తలకిందులుగా కూడా స్థిరంగానే ఉంటుంది. 1978 మార్చి 16న హోకూలేఅ మళ్ళీ తాహితికి బయలుదేరింది. గాలి తీవ్రంగా ఉంది. ఒక దోనెలోకి నీరు చేరి బరువెక్కి, ఆ రాత్రి నావ బోల్తా పడింది. సహాయం తేవడానికి ఎడ్డీ ఐకావ్ అనే యువకుడు ఒక పలక మీద ఒంటరిగా వెళ్ళాడు. మిగిలినవారిని రక్షించారు గాని, ఎడ్డీ తిరిగి రాలేదు. 1980లో నైనోఅ థాంప్సన్ దారి చూపగా హోకూలేఅ తాహితి వెళ్ళి వచ్చింది. ఈసారి వెంట మరో ఓడ ఉంది.

మీరూ చేసి చూడండి

మూతలున్న రెండు ఖాళీ ప్లాస్టిక్ సీసాలు తీసుకోండి. ఒక సీసాను నీళ్ళ తొట్టిలో వేసి, మీద చిన్న రాయి పెట్టండి. సీసా దొర్లి రాయి పడిపోతుంది. ఇప్పుడు రెండు పొడవాటి వెదురు బద్దలతో సీసాలను జానెడు ఎడంగా కట్టండి. రాయి కదలదు. బద్దల నడుమ ఒక పుల్ల నిలువుగా కట్టి, దాని కొనకు దారం కట్టండి. దారాన్ని తొట్టి అంచు మీదుగా వేలాడదీసి, చివర చిన్న సంచి కట్టండి. లాగే వైపు సీసా తొట్టి గోడకు ఆనాలి. సంచిలో ఒక్కొక్క నాణెం వేస్తూ పోండి. ఎన్ని నాణేలకు రెండో సీసా లేచింది? అవే బద్దల మీద సీసాల ఎడం రెట్టింపు చేసి మళ్ళీ లెక్కించండి. నాణేలు సుమారు రెట్టింపు కావాలి. కాకపోతే ఎందుకు కాలేదో ఆలోచించండి.