అక్షరాభ్యాసానికి ముందే కంటి పరీక్ష

ఇంద్రియాలన్నిటిలో నయనమే ప్రధానమని పెద్దలు చెప్పారు. సుశ్రుతాచార్యుడు తన సంహితలోని ఉత్తరతంత్రాన్ని నేత్రరోగాలతోనే ప్రారంభించి 76 వ్యాధులను వివరించాడు. వాగ్భటుడు ఆ సంఖ్యను 94గా పేర్కొన్నాడు. గురుకులంలో ఈ పాఠాలన్నీ కంఠస్థం చేసినవాడినే అయినా, ఒక చిన్న బిడ్డ విషయంలో నేను పొరపాటు పడ్డాను. తల్లిదండ్రులు జాగ్రత్త పడతారనే ఆశతో దానిని ఇక్కడ చెబుతున్నాను.

ఇరవై ఏళ్ళ క్రిందటి మాట. మైదుకూరు దగ్గర కె.సి. కాలువ కింద పసుపు పండించే ఒక కుటుంబంవారు ఆరేళ్ళ బాలుణ్ణి నా వద్దకు తీసుకువచ్చారు. ఎడమ కన్ను కొద్దిగా ముక్కు వైపునకు తిరిగి ఉంది. "మెల్లకన్ను అదృష్టమంటారు గదా స్వామీ" అన్నది నాయనమ్మ. తండ్రికి మాత్రం దిగులుగా ఉంది. నేను త్రిఫలాఘృతం ఇచ్చి, ఎదిగే కొద్దీ సర్దుకుంటుందని ధైర్యం చెప్పి పంపాను. పదకొండో ఏట ఒక కంటి శిబిరంలో కుడి కన్ను మూసి చూస్తే, ఎడమ కంటికి పలక మీది అన్నిటికంటే పెద్ద అక్షరం తప్ప మరేదీ కనిపించలేదు. ఐదేళ్ళు ముందుగా వచ్చి ఉంటే చాలావరకు బాగుపడేదని నేత్రవైద్యుడు అన్నాడు. ఆ ఐదేళ్ళ కాలం నా వల్లనే వృథా అయింది.

సోమరి కన్ను

ఈ వ్యాధిని వాడుకలో సోమరి కన్ను అంటారు. వైద్యులు దీనిని ఆంబ్లియోపియా అంటారు. వందమంది పిల్లలలో ఒకరిద్దరికి ఇది ఉండవచ్చు. చూడడానికి కన్ను ఒక్కటే చాలదు, మెదడు కూడా చూడడం నేర్చుకోవాలి. ఒక కంటికి పవరు ఎక్కువగా ఉన్నా, మెల్ల ఉన్నా, పుట్టు శుక్లం అడ్డుపడినా ఆ కంటి నుండి మెదడుకు స్పష్టమైన బొమ్మ చేరదు. మెదడు రెండవ కంటినే నమ్ముకుని దీనిని క్రమంగా విస్మరిస్తుంది. హ్యూబెల్, వీజెల్ అనే శాస్త్రజ్ఞులు పిల్లికూనల కన్ను ఒకటి మూసి ఉంచి ఈ రహస్యాన్ని తెలుసుకున్నారు. వారికి 1981లో నోబెల్ బహుమతి లభించింది.

ఏడెనిమిదేళ్ళ లోపు మెదడు ఈ విద్యను సులభంగా నేర్చుకుంటుంది. ఆ తరువాత చికిత్స పూర్తిగా నిష్ఫలమని కాదు గాని, ఫలితం తగ్గుతూ పోతుంది. నొప్పి ఉండదు. ఒక కంటితో అన్నీ కనిపిస్తూనే ఉంటాయి కనుక బిడ్డ తనకు లోపం ఉన్నదని చెప్పలేడు. మనమే వెదికి తెలుసుకోవాలి.

ఎవరి బిడ్డకు పరీక్ష జరుగుతోంది?

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ప్రకారం వైద్య బృందాలు అంగన్‌వాడీ పిల్లలను ఏటా రెండుసార్లు, ప్రభుత్వ పాఠశాలల పిల్లలను ఏటా ఒకసారి పరీక్షించాలి. వారు చూడవలసిన వాటిలో దృష్టిలోపం కూడా ఉంది. మన రాష్ట్రంలో 2019 అక్టోబరు 10న మొదలైన కంటి వెలుగు పథకం తొలి దశలో బడి పిల్లలకు కంటి పరీక్షలు జరిపారు. అయితే మూడేళ్ళు నిండగానే మైదుకూరులోనో ప్రొద్దుటూరులోనో ఫీజు కట్టి ఎల్.కె.జి.లో చేర్చిన మధ్యతరగతి బిడ్డ అంగన్‌వాడీ లెక్కలో ఉండడు, ప్రభుత్వ బడి లెక్కలోనూ ఉండడు. కంటి చికిత్సకు అత్యంత అనుకూలమైన వయస్సు ఆ విధంగా ఎవరూ చూడకుండానే గడిచిపోతుంది. ఆ బాధ్యత తల్లిదండ్రులదే.

ఇంట్లో గమనించవలసినవి

బిడ్డ ఆడుకుంటున్నప్పుడు ఒక కంటిని అరచేతితో మృదువుగా మూయండి. కొంతసేపటి తరువాత రెండవ కంటిని మూయండి. ఒక వైపు మూసినప్పుడు ఊరుకుని, మరొక వైపు మూసినప్పుడు చేయి తోసివేసి ఏడిస్తే అనుమానించాలి. తల ఒక ప్రక్కకు వంచి చూడడం, టీవీకి మరీ దగ్గరగా జరగడం, కళ్ళు చికిలించడం, తరచు తడబడి పడడం కూడా గుర్తులే. ఇంటిలో ఎవరికైనా మెల్ల గాని, చిన్ననాటి నుండి కళ్ళజోడు గాని ఉంటే మరింత శ్రద్ధ అవసరం. కంటిపాప తెల్లగా మెరుస్తున్నట్లు కనిపిస్తే ఒక్కరోజు కూడా ఆగరాదు. అది శుక్లం కావచ్చు, ప్రాణాపాయకరమైన కంతి కూడా కావచ్చు.

ఈ లక్షణాలేవీ లేకపోయినా, మూడు నుండి ఐదేళ్ళ మధ్య ఒక్కసారి నేత్రవైద్యునికి చూపించాలి. అక్షరాలు రాని బిడ్డకు పరీక్ష ఎలాగని సందేహం వద్దు. యాపిలు, ఇల్లు, వలయం, చతురస్రం బొమ్మలతో ఫిన్లాండుకు చెందిన లియా హైవారినెన్ అనే వైద్యురాలు 1976లో రూపొందించిన పటాలు ఉన్నాయి. పవరు తెలుసుకోవడానికి వేసే చుక్కల వల్ల చూపు కొన్ని గంటలు, కొన్ని మందులతో కొన్ని రోజులు మసకబారుతుంది. భయపడనవసరం లేదు.

చికిత్స

తగిన కళ్ళజోడు, అవసరమైతే బాగున్న కంటికి వైద్యుడు చెప్పినన్ని గంటలు పట్టీ కట్టడం ప్రధాన చికిత్స. దీనికి కొన్ని నెలల ఓర్పు కావాలి. కళ్ళజోడు పెడితే చూపు ఇంకా తగ్గుతుందనే మాట నిజం కాదు. ఆడపిల్లకు కళ్ళజోడా అని సందేహించి కాలయాపన చేయకండి.

పథ్యం, అపథ్యం

పొన్నగంటి కూర, మునగాకు, బొప్పాయి, మామిడిపండు, తగినంత నెయ్యి బిడ్డల ఆహారంలో ఉండాలి. తొమ్మిదో నెల నుండి ఐదేళ్ళ వరకు ఆరు నెలలకొకసారి ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే విటమిన్ ఎ ద్రావణం తప్పక వేయించండి. ఇవి రేచీకటి రాకుండా కాపాడతాయి. కాని ఏ ఆకుకూరా, ఏ ఘృతమూ కంటి పవరును తీసివేయదు, సోమరి కంటిని మేల్కొల్పదు. ఆయుర్వేద వైద్యుడినై ఉండీ ఈ మాట చెప్పడం నా ధర్మం. కాటుక, తేనె, ఆముదం, చనుబాలు, ఆకుపసరు బిడ్డ కంటిలో వేయకండి.

ఆనాటి బాలుడు నేడు యువకుడు. ఆర్.టి.సి. డ్రైవరు కావాలనుకున్నాడు, కాని కంటి పరీక్షలో నిలవలేకపోయాడు. కనబడినప్పుడల్లా నాకు నమస్కరిస్తాడు. ఆ నమస్కారం అందుకోవడం నాకు కష్టంగా ఉంటుంది. అక్షరాభ్యాసానికి పలక, బలపం కొనే ముందు, ఆ పలక మీది అక్షరం మీ బిడ్డ రెండు కళ్ళకూ కనిపిస్తున్నదో లేదో పరీక్ష చేయించండి.